గుచ్చని ప్లగ్గుకు సగం పన్ను

జర్మనీలో కంపెనీ కార్లు నడిపేవాళ్ళ మీద ఓ నింద ఉంది. అందులో మన ఐటీ సోదరులకూ వాటా ఉంది. పెట్రోలు ఇంజనూ, ప్లగ్గు గుచ్చి ఛార్జ్ చేసే బ్యాటరీ రెండూ ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకుని, ఛార్జింగ్ పెట్టకుండా పెట్రోలు మీదే తిప్పుతున్నారట. ఎంత అన్యాయం! చట్టాన్ని వాళ్ళంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఎవరున్నారు?

కంపెనీ కారును సొంతానికి కూడా వాడుకుంటే, కారు ధరలో నెలకు 1 శాతం మన ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కైతే అర శాతమే. 60,000 యూరోల కారుకు 600 బదులు 300 అన్నమాట. ఇందుకు ల్యాబులో కిలోమీటరుకు 50 గ్రాముల లోపు కార్బన్ డయాక్సైడ్ వదిలినా చాలు, బ్యాటరీ మీద చట్టం చెప్పినంత దూరం వెళ్ళినా చాలు. ఇంటి కరెంటు బిల్లు చూపించమని ఎవరూ అడగరు.

అడిగినా ఏముంటుంది చూపించడానికి? పెట్రోలుకు కంపెనీ కార్డుంది, గీకితే సరి. ఇంట్లో ఛార్జ్ చేస్తే చాలామందికి డబ్బు సొంత జేబులోంచే పోతుంది. పైగా అద్దె ఫ్లాటు. మూడో అంతస్తు కిటికీలోంచి వీధిలోకి వైరు వేలాడదీస్తే కింద ఇంటి ముసలావిడ ఊరుకుంటుందా?

పోనీ ఫుల్ ఛార్జ్‌తో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ బయల్దేరారనుకుందాం. దాదాపు 400 కిలోమీటర్లు. ఆటోబాన్ (జర్మనీ హైవే) వేగానికి బ్యాటరీ, ఫ్రాంక్‌ఫర్ట్ దాటిన కాసేపటికే వచ్చే ఆషాఫెన్‌బర్గ్ చుట్టుపక్కల చేతులెత్తేస్తుంది. స్పెస్సార్ట్ కొండ ఎక్కుడు మొదలయ్యేది సరిగ్గా అక్కడే! ఇక ఇంజనే కారునీ, నిద్రపోతున్న బ్యాటరీనీ కలిపి మోయాలి. దారిలో ఛార్జ్ చేద్దామంటే చాలా హైబ్రిడ్లకు ఫాస్ట్ ఛార్జింగే ఉండదు. గంటల తరబడి కాఫీ తాగుతూ కూర్చోవాలి.

ఓ మిత్రుడి డిక్కీలో కేబుల్ సంచి చూశాను. ఫ్యాక్టరీలో బిగించిన ప్లాస్టిక్ ట్యాగు ఊడలేదు. దాని మీద పది కిలోల సోనా మసూరి బస్తా. అత్తారు పెట్టిన వెండి కంచంలా, ఉందని చెప్పుకోవడానికే తప్ప రోజూ వాడటానికి కాదు.

ఇంత ప్రశాంతంగా సాగుతున్న కాపురంలో చిచ్చు పెట్టింది కారే. 2021 నుంచి యూరప్‌లో కొత్త కార్లు తాము తాగిన ఇంధనం లెక్క తామే రాసుకుంటున్నాయి. ఆ చాడీలు విని యూరోపియన్ కమిషన్ 2024లో తేల్చింది: ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ అధికారిక అంకెకు సగటున 3.5 రెట్లు! కంపెనీ కార్లు కరెంటు మీద తిరిగే దూరం 11 నుంచి 15 శాతమేనని 2022లోనే ఐసీసీటీ (రవాణా కాలుష్యం మీద పరిశోధించే సంస్థ), జర్మనీ పరిశోధనా సంస్థ ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు చెప్పారు. అధికారిక పరీక్షేమో 70 నుంచి 85 శాతం అనుకుంది. ఎంత మంచి మనసు!

ప్రభుత్వం మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2025 నుంచి బ్యాటరీ మీద వెళ్ళాల్సిన దూరాన్ని 60 నుంచి 80 కిలోమీటర్లకు పెంచింది. 50 గ్రాముల దారి ఎలాగూ తెరిచే ఉంది. మా మిత్రుడు కొత్త కారు బుక్ చేశాడు. బ్యాటరీ పెద్దది, బరువూ ఎక్కువే.

"ఏవండీ, దీన్నైనా ఎక్కడన్నా గుచ్చుతారా?" అని వాళ్ళావిడ అడిగింది.

"అది తర్వాత. ముందు డిక్కీలో బస్తా పడుతుందో లేదో చూడు."