మెర్క్యూషియోని చంపడం సబబే

ట్రాజెడీ చాలామందికి జీవనాధారం. రాసేవాడు, ఆడేవాడు, టికెట్టు చింపేవాడు, క్లాసులో పాఠం చెప్పేవాడు, పరీక్షల ముందు గైడు అమ్మేవాడు, ఇంతమంది ఇళ్ళలో పొయ్యి వెలగాలంటే చివరి అంకంలో ఎవరో ఒకరు చావాలి. ఈ మాట పైకి చెప్పడానికి మొహమాటపడే సాహిత్యాభిమానులు 'రోమియో అండ్ జూలియట్' చదివినప్పుడల్లా మెర్క్యూషియో కోసం తెగ బాధపడిపోతుంటారు. అంత మాటకారిని, అంత సరదా మనిషిని మూడో అంకం మొదట్లోనే పొడిపించేస్తాడా షేక్స్‌పియర్ అని. నేను బాగా ఆలోచించి, అవతలి పక్షాన నిలబడదలుచుకున్నాను. చంపడం సబబే. నన్నడిగితే కాస్త ఆలస్యం కూడా చేశాడు.

ముందు మనిషి ఎలాంటివాడో చూడండి. వెరోనా నగరాన్ని ఏలే ప్రభువుకి బంధువు. ఊళ్ళో రోమియో వంశం మాంటెగ్యూలకీ, జూలియట్ వంశం కాపులెట్లకీ పడదు. ఇతను అటూ కాదు, ఇటూ కాదు. రోమియోకి ప్రాణస్నేహితుడు కాబట్టి మాంటెగ్యూల వైపు తిరుగుతాడు, అయినా కాపులెట్ల విందుకి పిలిచినవాళ్ళ జాబితాలో తమ్ముడితో సహా ఇతని పేరుంటుంది. రెండు వైపులా చనువు, పైన ప్రభుత్వంలో పలుకుబడి. ఇలాంటివాడు ఏ ఊళ్ళోనైనా నలుగుర్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చి పెద్దమనిషి అనిపించుకుంటాడు. ఇతను మాత్రం తనకి ఏ సంబంధమూ లేని పగలో కత్తి దూసి చచ్చాడు. ఇంతటి తెలివిగలవాడు చేసిన పని అది. సానుభూతి ఎక్కడ చూపించమంటారు?

షేక్స్‌పియర్ ఈ కథని ఆర్థర్ బ్రూక్ అనే ఆయన 1562లో అచ్చువేసిన పొడుగాటి పద్యకథ నుంచి తీసుకున్నాడు. అందులోనూ మెర్క్యూషియో ఉన్నాడు. విందులో జూలియట్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆ చేతులు మంచుకొండ కంటే చల్లగా ఉంటాయని బ్రూక్ రాశాడు. అంతే ఆయనగారి పాత్ర. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరి చేతిలోనూ చావలేదు. అలాంటి చల్లటి చేతుల మనిషిని తెచ్చి, ఒళ్ళంతా వేడి రక్తం ఎక్కించి, నోటికి అడ్డూ ఆపూ లేకుండా చేసినవాడు షేక్స్‌పియర్. తర్వాత ఆయనకే భయం పట్టుకుంది. మూడో అంకంలో వాణ్ణి చంపకపోతే వాడే నన్ను చంపేసేవాడని షేక్స్‌పియర్ అన్నాడట. డ్రైడెన్ 1672లో ఈ సంగతి రాసి, నాకైతే వీడిలో అంత ప్రమాదమేమీ కనపడలేదు, నాటకం చివరిదాకా బతికి మంచం మీద పోయినా ఎవరికీ నష్టం లేదు అని తేల్చేశాడు. డ్రైడెన్ పెద్ద కవే కావచ్చు, ప్రమాదాన్ని పసిగట్టడం మాత్రం ఆయనకి రాలేదు.

ప్రమాదం మొదటి అంకంలోనే ఉంది. కాపులెట్ల విందుకి మారువేషాల్లో బయల్దేరారు కుర్రాళ్ళు. రోమియో అప్పటికి రోజలిన్ అనే అమ్మాయి కోసం నీరసపడి ఉన్నాడు. నా మనసు సీసంలా బరువెక్కింది, నేను డాన్స్ చెయ్యను, నాకో కల కూడా వచ్చింది అంటాడు. ప్రేమికుడు కల వచ్చిందన్నాక స్నేహితుడు చెయ్యాల్సిన పని, ఏం కల అని అడగడం. మెర్క్యూషియో అడగడు. నాకూ వచ్చిందిలే అని మాబ్ రాణి కథ ఎత్తుకుంటాడు. ఖాళీ బాదంలాంటి గింజ చిప్ప ఆవిడ రథం, సాలీడు కాళ్ళు చక్రాల ఆకులు, మిడత రెక్క పైకప్పు, తోలేది బూడిదరంగు కోటేసుకున్న దోమ. ఆవిడ రాత్రిపూట మనుషుల మీదుగా రథం తోలితే ప్రేమికులకి ప్రేమ కలలూ, లాయర్లకి ఫీజు కలలూ, సైనికులకి పీకలు కోసే కలలూ వస్తాయి. ఆ చెప్పే ధోరణికి హాలంతా నోరు తెరుచుకుని ఉంటుంది. రోమియో బతిమాలి నోరు మూయిస్తే, నిజమే, నేను మాట్లాడుతున్నది కలల గురించే, అవి పనిలేని బుర్రకి పుట్టిన పిల్లలు అనేస్తాడు.

ఆ ఒక్క మాటతో ఎంత నష్టం జరిగిందో గమనించారా? కల, జాతకం, నక్షత్రాలు, విధి, ఇవే కదా ట్రాజెడీకి పెట్టుబడి! మొదటి అంకం దాటకుండానే ఒకడు లేచి ఇదంతా ఉత్తదేనని హాలు మొత్తానికి చెప్పేశాడు. ఇలాంటివాణ్ణి అయిదో అంకం దాకా మేపమంటారా?

కథలో మిగతావాళ్ళకీ ఇతని సంగతి తెలుసు. అందుకే ఎవరూ ఇతనికి ఏమీ చెప్పరు. రోమియో జూలియట్‌ని ప్రేమించాడని ఇతనికి చచ్చేదాకా తెలియదు. ఆ రాత్రి తోట గోడ బయట నిలబడి, ఇంకా రోజలిన్ పేరు చెప్పే రోమియోని పిలుస్తూ వెటకారాలు ఆడుతుంటాడు. మర్నాడు రహస్యంగా పెళ్ళయింది. పెళ్ళి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్‌కి తెలుసు. జూలియట్ దాదికి తెలుసు. తాళ్ళ నిచ్చెన తెచ్చిచ్చిన నౌకరుకీ ఎంతో కొంత తెలుసు. ప్రాణస్నేహితుడికి తెలియదు. ఎందుకు చెప్పలేదో రోమియోని అడిగితే చెప్పడు గానీ, కారణం మనకి తెలుసు. చెబితే నవ్వుతాడు. నిన్న రోజలిన్ లేకపోతే చచ్చిపోతానన్నావు కదరా అంటాడు. ఆ ప్రశ్నకి రోమియో దగ్గరే కాదు, షేక్స్‌పియర్ దగ్గర కూడా జవాబు లేదు.

గోడ అవతలి నుంచి ఆ వెటకారాలు వింటూ రోమియో విసుక్కుంటాడు, గాయం ఎరగనివాడే మచ్చల్ని చూసి నవ్వుతాడని. మర్నాడు మధ్యాహ్నానికి మెర్క్యూషియోకి గాయం తగిలింది, అదీ ప్రాణం తీసేది. దాన్ని చూసి కూడా నవ్వాడు. బావంత లోతు లేదు, చర్చి గుమ్మమంత వెడల్పు లేదు, అయినా సరిపోతుందిలే అన్నాడు. రోమియో సిద్ధాంతం ఒక్క రోజు కూడా నిలబడలేదు. హీరోగారిని ఇంతలా తప్పని రుజువు చేసే స్నేహితుడు ఏ నాటకంలోనైనా ఉండదగ్గవాడేనా?

సరే, చంపాలి. ఎలా? ఇక్కడే షేక్స్‌పియర్ పనితనానికి దణ్ణం పెట్టాలి. తెలివి మాత్రమే ఉన్నవాణ్ణి చంపడం మహా కష్టం. గొడవ వాసన రాగానే ఓ జోకు వేసి సందులోంచి జారుకుంటాడు. అందుకని అతనికి కోపం కూడా ఇచ్చాడు. పొయ్యి మీది గిన్నెని పట్టుకారుకి అందించే అంచులాంటిది ఆ కోపం. అది లేకపోతే ఇతన్ని నాటకంలోంచి దించడం ఎవరి వల్లా కాదు.

మూడో అంకం మొదట్లో మండుటెండ. కాపులెట్లు బయట తిరుగుతున్నారు, ఇంటికి పోదాం పద, ఈ ఎండకి రక్తం ఊరికే ఉండదు అంటాడు రోమియో చుట్టం బెన్వోలియో. నాటకం మొత్తంలో పనికొచ్చే సలహా ఇదొక్కటే. దానికి మెర్క్యూషియో ఏమంటాడు? అసలు కోపిష్ఠివాడివి నువ్వేనంటాడు! నీ గడ్డంలో కంటే అవతలివాడి గడ్డంలో ఓ వెంట్రుక ఎక్కువున్నా, తక్కువున్నా వాడితో పోట్లాడతావు. వీధిలో ఎవడో దగ్గితే ఎండలో పడుకున్న నీ కుక్క లేచిందని వాడి మీదికి వెళ్ళావు. ఈస్టర్ రాకముందే కొత్త కోటు వేసుకున్నాడని దర్జీతో, కొత్త బూట్లకి పాత రిబ్బన్ కట్టాడని ఇంకొకడితో తగువేసుకున్నావు. నువ్వా నాకు బుద్ధి చెప్పేది? ఇదీ వరస. పాపం బెన్వోలియో ఇవేవీ చేసినట్టు మనకి నాటకంలో ఎక్కడా కనపడదు. తన ముక్కు మీది కోపాన్ని తీసి ఎదుటివాడి ముక్కుకి తగిలించి, దాని మీద వర్ణన కూడా చేశాడన్నమాట. అన్నట్టు ఈ బెన్వోలియో ఆ సీను తర్వాత మళ్ళీ కనపడడు. చావలేదు, ఊరు విడిచిపోలేదు, ఏమయ్యాడో ఎవరూ అడగరు. నెమ్మదస్తుడి బతుకు అంతే.

ఇంతలో జూలియట్ చుట్టం టైబాల్ట్ వచ్చాడు. ఇతన్ని మెర్క్యూషియో పిల్లుల రాజు అంటాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం మనకి తెలుసు. రోమియో పెళ్ళి చేసుకుని వస్తుంటే పిల్లే ఎదురొచ్చింది. ఇక శుభం ఎక్కడుంటుంది? టైబాల్ట్ పోట్లాటకి పిలిస్తే, కొత్త పెళ్ళికొడుకు అతను ఇప్పుడు బావమరిది వరసని తలుచుకుని, నీ ఇంటిపేరు నాకు నా ఇంటిపేరంత ఇష్టం అంటూ మెత్తబడతాడు. ఆ వరస మెర్క్యూషియోకి తెలియదు కదా. స్నేహితుడు పిరికివాడైపోయాడనుకున్నాడు. నీ తొమ్మిది ప్రాణాల్లో ఒకటిచ్చెయ్ అని కత్తి దూశాడు. రోమియో మధ్యలో దూరాడు. ఆ చెయ్యి కిందుగా టైబాల్ట్ పొడిచేశాడు. దెబ్బ పెద్దదేం కాదులే అని ధైర్యం చెప్పబోతాడు రోమియో. పెళ్ళి మాట ముందే చెవిలో వేసి ఉంటే సరిపోయేది. పంచాయితీ అక్కడితో ముగిసేది, మెర్క్యూషియో ఇంటికెళ్ళి పడీపడీ నవ్వేవాడు. మన సినిమాల్లో హీరో ఫ్రెండు ఇంటర్వెల్‌కి కాస్త ముందు ఫోన్ చేసి నీకో విషయం చెప్పాలిరా అనగానే హాల్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. వెరోనాలో విషయం చెప్పాల్సినవాడు హీరో, పోయినవాడు ఫ్రెండు. ఆ తేడా నాకు అన్యాయంగానే తోస్తుంది గానీ, పక్షం మార్చను.

ఈ పద్ధతి ఒక్క వెరోనాకే పరిమితం అనుకోకండి. లియర్ రాజు వెంట తిరిగే విదూషకుడు కూడా మూడో అంకం తర్వాత మాయం. 'హామ్లెట్'కి వచ్చేసరికి షేక్స్‌పియర్ ఇంకా ముందుజాగ్రత్త పడ్డాడు. యోరిక్ అనే హాస్యగాణ్ణి నాటకం మొదలవడానికి ఇరవై మూడేళ్ళ ముందే పాతిపెట్టించి, పుర్రెని మాత్రమే స్టేజి మీదికి రానిచ్చాడు. అనుభవం మీద నేర్చుకోవడం అంటే ఇదీ.

ఒక్క పొరపాటు మాత్రం జరిగింది. పొడిచాక వెంటనే చావనివ్వాల్సింది. మాట్లాడనిచ్చారు. మీ రెండు కొంపలకీ ప్లేగు తగల అని తిట్టేసి మరీ పోయాడు. లండన్‌లో ప్లేగు వల్ల 1592 నుంచి 1594 దాకా నాటకశాలలు చాలావరకు మూతపడి ఉన్నాయి. ఆ తిట్టు విన్నవాళ్ళకి అది ఊరికే నోటి మాట కాదు. పైగా ఫలించింది కూడా. మెర్క్యూషియో కోసం టైబాల్ట్‌ని చంపి, ఊరి బహిష్కారం పడి రోమియో మాంచువాలో ఉన్నాడు. జూలియట్ మందు తాగి చచ్చినట్టు పడి ఉంటుంది, నిజంగా చావలేదు అనే ఉత్తరం పట్టుకుని ఫ్రయర్ జాన్ అక్కడికి బయల్దేరాడు. తోడు కోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ వెళ్తే, అతను రోగుల్ని చూసొచ్చిన మనిషని, ఆ ఇంట్లో అంటురోగం ఉందని అనుమానించి అధికారులు తలుపులు మూసేశారు. క్వారంటైన్ అంటే ఏమిటో మనకిప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. తిట్టింది రెండు కుటుంబాల్ని, తగిలింది పోస్టుకి. ఉత్తరం అందలేదు, రోమియో విషం కొనుక్కున్నాడు. అంటే చచ్చి కూడా నాటకానికి ఉపకారమే చేశాడు మెర్క్యూషియో. బతికుండగా చెయ్యనిది.

దీనికి ప్రతిఫలం ఏం దక్కిందంటారా? చివరి సీనులో మాంటెగ్యూ లేచి జూలియట్‌కి మేలిమి బంగారు విగ్రహం పెట్టిస్తానంటాడు. కాపులెట్ వెంటనే, రోమియోది కూడా అంతే ఖరీదైంది పెట్టిస్తానంటాడు. నిన్నటిదాకా కత్తులతో పోటీపడ్డవాళ్ళు ఇప్పుడు తులాలతో పోటీపడుతున్నారు. మెర్క్యూషియోకి ఇత్తడిది కూడా లేదు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పే ఫ్రయర్ లారెన్స్ టైబాల్ట్ చావుని చెబుతాడు, ఇతని పేరెత్తడు. సొంత బంధువైన ప్రభువు, నాకూ ఇద్దరు చుట్టాలు పోయారు అని, జూలియట్‌ని పెళ్ళాడబోయిన పారిస్‌తో కలిపి ఒకే లెక్కలో రాసేశాడు. ఇవాళ్టి వెరోనాలోనూ జూలియట్ ఇల్లని ఒకటి చూపిస్తారు, దానికి బాల్కనీని ఇరవయ్యో శతాబ్దంలో తగిలించారు, ఆవిడ పేరు మీద దేశదేశాల నుంచి ఉత్తరాలొస్తాయి. మెర్క్యూషియోకి ఉత్తరం రాసినవాళ్ళ గురించి నేను వినలేదు. రాయకపోవడమే మేలు, జవాబు ఎలా వస్తుందో తెలుసు కదా.

నటులు మాత్రం ఇతని విలువ కనిపెట్టారు. 1935లో లండన్ న్యూ థియేటర్‌లో గిల్‌గుడ్, ఒలివియే ఇద్దరూ కొన్నాళ్ళు ఒకరు రోమియో, ఇంకొకరు మెర్క్యూషియో వేసి, తర్వాత మార్చుకున్నారు. సగం నాటకానికే పని అయిపోతుంది, చప్పట్లు పూర్తిగా దక్కుతాయి. మేకప్ కడుక్కుని టీ తాగొచ్చు. ఇంత సుఖమైన పాత్రకి దీర్ఘాయుష్షు కూడా అడగడం అత్యాశ. 1765లో విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. ఇతను ఎక్కువ కాలం బతకాలని కోరుకునే స్నేహితులు ఎప్పుడూ ఉంటారు గానీ, నాటకం తనకిచ్చిన ఆయుష్షు మేరకు బతికాడు అని.

ఇంకా ఒప్పుకోనివాళ్ళ కోసం ఒక్క సీను వేసి చూపిస్తాను. సమాధి గది. రోమియో అప్పుడే పారిస్‌ని చంపి, దివిటీ వెలుగులో మొహం చూసి, అయ్యో, మెర్క్యూషియో చుట్టం కదా అనుకున్నాడు. తర్వాత జూలియట్ వైపు తిరిగాడు. పెదాల్లో, బుగ్గల్లో ఇంకా ఎరుపు ఉంది, మృత్యువు తన పాలిపోయిన జెండా ఇక్కడ ఎగరెయ్యలేదే అంటాడు. ఇది నా కల్పన కాదు, నాటకంలో ఉన్నదే. బతికున్న మనిషి గుర్తులన్నీ కళ్ళారా చూసి, వాటిని కవిత్వం చేసి, విషం తాగేస్తాడు. మెర్క్యూషియో పక్కన ఉంటే? "ఒరేయ్, బుగ్గలు ఎర్రగా ఉన్నాయని నువ్వే అంటున్నావు. చచ్చినవాళ్ళకి బుగ్గలు ఎర్రగా ఎందుకుంటాయిరా? ఆ సీసా ఇలా తే" అంటాడు. కాసేపట్లో జూలియట్ ఆవులిస్తూ లేస్తుంది. రోమియో సిగ్గుపడతాడు. ఫ్రయర్ లారెన్స్ రొప్పుకుంటూ వచ్చేసరికి అందరూ ఇంటికి బయల్దేరుతుంటారు. ఆనాటి లండన్‌లో నేల టికెట్టు ఒక పెన్నీ. ఏడుద్దామని పెన్నీ పెట్టి నిలబడ్డ జనం ఊరుకుంటారా? డబ్బులు వెనక్కిమ్మని గేటు దగ్గర గోల. మాటలతో సర్దిచెప్పగలవాడు కంపెనీ మొత్తానికి ఒక్కడే కాబట్టి మెర్క్యూషియోనే పంపాలి. వెళ్ళి రెండు జోకులు వేస్తాడు, మూడోదానికి ఎవడో నవ్వడు, కత్తి దూస్తాడు.