అరుపులు ఆగాక ఎలా ఉన్నాడు?

షూ లేసు ముడి సరిగ్గా పడలేదు. అంతే, ఎనిమిదేళ్ల పిల్లాడు షూ విసిరేశాడు, తలుపు తన్నాడు, అరగంట అరిచాడు. తల్లి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపిస్తుంది. ఎదురుగా కుర్చీలో ఆ పిల్లాడే కాళ్లూపుకుంటూ బుద్ధిగా కూర్చుని ఉంటాడు. ఇక వీడియోను బట్టి జబ్బు పేరు తేల్చెయ్యాలన్న తొందర మొదలవుతుంది. మా అభ్యంతరం ఆ తొందర మీదే.

అది ఎంతదూరం తీసుకెళ్తుందో అమెరికా చూసింది. నిత్యం రుసరుసలాడే పిల్లల్లో చాలామందిది బైపోలార్ జబ్బేనని (మితిమీరిన హుషారు, కుంగుబాటు వచ్చిపోయే జబ్బు) 1990లలో అక్కడి కొందరు మనోవైద్యులు వాదించారు. 1994-95 నుంచి 2002-03 నాటికి ఆ దేశంలో పిల్లలు, టీనేజర్ల విషయంలో బైపోలార్ పేరు రాసిన డాక్టరు విజిట్లు దాదాపు 40 రెట్లయ్యాయి. అంత కొద్దికాలంలో ఏ మానసిక జబ్బూ అన్ని రెట్లు పెరగదు. కొలిచే బద్దే సాగి ఉండాలి.

బైపోలార్ విడతలుగా వస్తుంది. కొన్నాళ్లు మనిషి తన మామూలు తీరులో ఉండడు, నిద్రే అక్కర్లేదంటాడు, తర్వాత అది తగ్గుతుంది. ఈ పిల్లల చిరాకుకు అలాంటి రాకపోకలు లేవు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ బృందం పట్టి చూపిన తేడా ఇదే. ఇలాంటి పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తే ఎక్కువగా కనిపించినవి డిప్రెషన్, ఆందోళన. అందుకే 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వారి మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో 'డిస్రప్టివ్ మూడ్ డిస్‌రెగ్యులేషన్ డిజార్డర్' అని కొత్త పేరు చేరింది. నోరు తిరగని పేరే కానీ, షరతులు గట్టివి. వారానికి సగటున 3 సార్లయినా కోపం కట్టలు తెంచుకోవాలి. ఏడాది పాటు అలాగే సాగాలి. ఇల్లు, బడి, స్నేహితులు, వీటిలో కనీసం రెండు చోట్ల కనిపించాలి. ఆరేళ్లు నిండకుండా ఆ పేరు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అరుపులు లేనప్పుడు కూడా దాదాపు రోజూ, రోజులో చాలాసేపు చిరాగ్గానే ఉండాలి. వీడియోకు చిక్కనిది సరిగ్గా ఇదే. షూ విసిరిన పిల్లాడు ఆ సాయంత్రం ఎలా ఉన్నాడు? మర్నాడు బడికి ఏ ముఖంతో వెళ్లాడు?

పిల్లల పేచీని జబ్బు చేసేశారని అలెన్ ఫ్రాన్సెస్ విమర్శించారు. డీఎస్ఎం-4 రూపకల్పనకు సారథ్యం వహించిన మనిషి ఆయన. విమర్శలో పస ఉంది. డీఎస్ఎం-5 అచ్చుకు ముందు జరిపిన పరీక్షల్లో ఒకే పిల్లాణ్ణి విడివిడిగా చూసిన డాక్టర్లకు ఈ పేరు మీద పెద్దగా ఏకాభిప్రాయం కుదరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టిక ఐసీడీ-11లో దీన్ని వేరే జబ్బుగా చేర్చనే లేదు, ఎదురుతిరిగే ధోరణి రుగ్మతలో ఒక రకంగా సర్దింది. రెండు పెద్ద పుస్తకాలకే పొత్తు కుదరని చోట పావుగంటలో తీర్పేమిటి?

పేరు వెంట మందు వస్తుంది కాబట్టే ఇంత పట్టింపు. బైపోలార్‌కు పనిచేసే లిథియం మందును ఈ పిల్లల మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ కనిపించలేదు. తీవ్ర మానసిక జబ్బులకు వాడే యాంటీసైకోటిక్ మందులు కొందరికి అవసరమే. కానీ వాటితో పిల్లలు బాగా బరువెక్కుతారు, షుగరు ముప్పూ ఉంది. పైగా చిరాకు వెనక ఏముందో చూడాలి: చాలని నిద్ర, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య), ఆందోళన, బడిలో వేధింపులు. అక్షరాలు కుదురుగా కనబడని పిల్లాడికి పుస్తకం తీసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. దాన్ని పెంపకం లోపమనే చుట్టాలకు మాత్రం ఎక్కడా కొదవ లేదు.

చచ్చిపోతానంటున్నా, ఎవరికైనా దెబ్బలు తగిలేలా ఉన్నా ఆగకూడదు, ఆ రోజే సాయం అందాలి. మిగతావారికి రెండు మూడు వారాల డైరీ కావాలి, టీచరు మాట కావాలి, పిల్లాడితో విడిగా కాసేపు మాట్లాడాలి. తల్లిదండ్రులకు శిక్షణ, పిల్లాడికి కౌన్సెలింగ్ ఈలోగానే మొదలుపెట్టవచ్చు, వాటికి జబ్బు పేరుతో పని లేదు. ఆసుపత్రులు, బీమా సంస్థలు తొలి విజిట్‌లోనే పేరు రాయమని అడగడం మానాలి. ఆ గడిలో 'ఇంకా చూస్తున్నాం' అని రాసినా చెల్లాలి.