క్లామ్‌కి రోజూ ఫైటో పోయాలా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంకులు, అంటే ఉప్పునీటి అక్వేరియాలు, పెట్టుకున్నవాళ్ల వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. "జెయింట్ క్లామ్ పెంచడం చాలా ఈజీ. రోజూ ఫైటో పోయండి, లేకపోతే ఆకలికి చచ్చిపోతుంది. లైటు ఏదైనా పర్లేదు. నీళ్లను అదే శుభ్రం చేస్తుంది. మన బోరు నీళ్లలో క్యాల్షియం ఎలాగూ ఉంది, వేరే ఏమీ వేయక్కర్లేదు. నోరు బాగా తెరిచిందంటే హ్యాపీగా ఉన్నట్టే. షాపులో చెప్పి పెడితే తెప్పించి ఇస్తారు." ఇదీ సారాంశం. (జెయింట్ క్లామ్ అంటే రంగురంగుల సముద్రపు ఆల్చిప్ప, ఫైటో అంటే దానికి తిండిగా సీసాల్లో అమ్మే సూక్ష్మ ఆల్గే ద్రవం.) పూర్తిగా అబద్ధమైతే ఎవరూ నమ్మరు, అక్కడక్కడా కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు.

ముందు ఫైటో సంగతి, ఎందుకంటే జనం డబ్బులు ఎక్కువ తగలేసేది అక్కడే. క్లామ్ మాంటిల్‌లో, అంటే ఆ రంగురంగుల కండలో, కంటికి కనపడని ఆల్గే (నాచు లాంటిది) కాపురం ఉంటుంది. వెలుతురు పడితే అది చక్కెర తయారుచేసి క్లామ్‌కి పెడుతుంది. నీళ్లలోంచి వడకట్టుకుని తినడం కూడా నిజమే, కాదనను. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో గైగాస్ అనే రకంలో చిన్న క్లామ్‌లకు కావలసిన కార్బన్‌లో 65 శాతం, పెద్దవాటికి 34 శాతం ఇలా వడకట్టుకోవడం ద్వారానే వస్తోందని తేలింది. "రెండు మూడు అంగుళాల లోపు క్లామ్‌కి ఫైటో తప్పనిసరి" అనేవాళ్లు చూపించేది ఈ లెక్కనే. కానీ ఆ లెక్క చెప్పేది, తిండి అందుబాటులో ఉన్నప్పుడు అది ఎంత తింటుందని. సీసాలో ఫైటో లేకపోతే చస్తుందని ఎక్కడుంది? పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల్లో 1980ల నుంచి క్లామ్‌లను వేల సంఖ్యలో పెంచుతున్నారు. అక్కడ పిల్ల క్లామ్‌లకు ఎండ, పారే సముద్రపు నీరు, అంతే. ఇలాంటి నర్సరీల్లో కొన్నిచోట్ల ఆ నీళ్లలో కాస్త అమ్మోనియం ఎరువు కలుపుతారు, ఎందుకంటే లోపలున్న ఆల్గేకి నైట్రోజన్ కావాలి. మన ట్యాంకులో ఆ ఎరువు చేపలే ఇస్తాయి. చేపలకు తిండి వేస్తున్నారు, అవి విసర్జిస్తున్నాయి, క్లామ్ పీల్చుకుంటోంది. నైట్రేట్‌ని సున్నాకి దించేసి, ట్యాంకు అద్దంలా ఉందని మురిసిపోయి, ఆపైన ఫైటో సీసా కొనేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే దానికి హాయి. ఫైటో అప్పుడప్పుడు కొంచెం పోస్తే నష్టం లేదు. రోజూ గ్లాసులకు గ్లాసులు పోస్తే మాత్రం స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురుగుగా తీసే పరికరం) కప్పు నిండుతుంది, మిగిలింది కుళ్లుతుంది.

లైటు ఏదైనా పర్లేదంటే, అది అసలు తిండిని ఆపేయమని చెప్పడమే. డెరాసా, స్క్వామోసా అనే రకాలైతే అవి కూర్చున్న చోట పార్ (ఆల్గేకి పనికొచ్చే వెలుతురు కొలత) సుమారు 200 ఉంటే సరిపెట్టుకుంటాయి. మాక్సిమా, క్రోసియా రకాలకు 300 దాటాలి. పార్ మీటరు కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి ఒక పూట తెచ్చుకోండి. ఇంకోటి, క్రోసియా రాయిని తొలుచుకుని అందులో ఉండే రకం. దాన్ని ఇసుకలో పెట్టకండి, రాయి మీద పెట్టండి. అడుగున దారాలతో అంటుకున్నాక చోటు మార్చాలనిపిస్తే లాగొద్దు, బ్లేడుతో ఆ దారాలను జాగ్రత్తగా కోయాలి. లాగితే లోపలి గ్రంథి చిరిగి క్లామ్ పోతుంది.

నీళ్లను శుభ్రం చేస్తుందా? అరచేయంత క్లామ్ ఎంత చేస్తుంది భయ్యా! చచ్చిందంటే మాత్రం ఒక్క రాత్రిలో ట్యాంకు మొత్తం కంపు చేస్తుంది.

ఇక బోరు నీళ్లు. ఇది మన ఊరి స్పెషల్. మన బోర్లలో కాఠిన్యం ఉంది, గీజర్ కాయిల్ చూసిన ఎవరికైనా తెలుసు. దాంతోపాటు నైట్రేట్, సిలికా, పైపుల్లోంచి వచ్చే లోహాలు కూడా ఉండొచ్చు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, మిగతాదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. అంటే టాపప్ చేసిన (తగ్గిన నీళ్లు నింపిన) ప్రతిసారీ ఆ చెత్త పేరుకుంటూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు పెట్టి ట్యాంకు చల్లబరుస్తాం కదా, పొడి ఎండకు రోజూ ఎంత నీరు ఆవిరవుతుందో చూసే ఉంటారు. టాపప్‌కి ఆర్వో డీఐ నీళ్లే (వడపోసి లవణాలన్నీ తీసేసినవి) వాడండి. రాగి గనక చేరితే క్లామ్ బతకదు, చేపలకు వేసే రాగి మందులు కూడా ఈ ట్యాంకులో వద్దు. క్యాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల కొలత, దాని యూనిట్ డీకేహెచ్) 8, 9 డీకేహెచ్ దగ్గర కదలకుండా ఉండాలి. పెంకు పెరిగేకొద్దీ క్లామ్ రెండింటినీ లాగేసుకుంటుంది, కాబట్టి కొలుస్తూ డోస్ చేయాల్సిందే. వానాకాలంలో గాలిలో తేమకు ఫ్యాన్ పనిచేయదు, అప్పుడు 30 డిగ్రీలు దాటుతుంటే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదు.

షాపులో తెప్పించడం గురించి. ఈ క్లామ్‌లన్నీ సైటీస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022 సవరణతో సైటీస్ జాబితా జీవులు మన వన్యప్రాణి చట్టం కిందికి వచ్చాయి. లక్షద్వీప్, అండమాన్ రీఫుల్లోంచి తీసినదైతే ఇంకా పెద్ద నేరం. పర్మిట్ కాగితాలు చూపించలేనివాడి దగ్గర కొనకండి, "ఏం కాదన్నా" అంటే అస్సలు కొనకండి.

చివరిది, నోరు తెరవడం. ఆరోగ్యంగా ఉన్న క్లామ్ మాంటిల్ పెంకు అంచు దాటి పరుచుకుంటుంది, పెంకు అంచున తెల్లటి కొత్త పొర కనిపిస్తుంది, మీ చేతి నీడ పడగానే చటుక్కున ముడుచుకుంటుంది. దాని మాంటిల్ అంచున చిన్న చిన్న కళ్లు వందల కొద్దీ ఉంటాయి మరి. నీరు లోపలికి పీల్చుకునే రంధ్రం వెడల్పుగా సాగిపోయి, నీడకు కూడా స్పందన లేదంటే అది హ్యాపీ కాదు, ఆపదలో ఉన్నట్టు. అప్పుడు ఫైటో సీసా పక్కన పెట్టి వేడి, ఉప్పుశాతం, ఆల్కలినిటీ చూడండి. ఏంజెల్ చేప గానీ కొరుకుతోందేమో కాసేపు కూర్చుని గమనించండి. రాత్రి లైట్లు ఆరాక టార్చి వేసి పెంకు అంచులు, అడుగు భాగం చూడండి. బియ్యపు గింజంత తెల్ల నత్తలు కనిపిస్తే అవి దాని రసం పీల్చే పరాన్నజీవులు. క్లామ్‌ని బయటికి తీసి పాత టూత్‌బ్రష్‌తో పెంకు తోమండి, గుడ్లు కూడా పోవాలి, వారం తర్వాత మళ్లీ చూడండి.