ఆ అమ్మాయిని మాట్లాడనివ్వాల్సింది

ఈ పరాయి దేశంలో మన తెలుగు అసోసియేషన్ పెట్టుకున్న సెమీ క్రిస్మస్‌కి వచ్చినవాళ్లు ఆ కాసేపూ మర్చిపోయి ఉండరు. పిల్లల నాటకం అయిపోయింది, కేకు ఇంకా కోయలేదు. ఆఫ్రికాలో సేవ చేస్తూ సెలవు మీద వచ్చిన మన తెలుగు జంటని స్టేజి మీదికి పిలిచారు. ముందు ఆ అబ్బాయి ఫొటోలు చూపించాడు. రేకుల షెడ్డులో బడి, కొత్తగా వేసిన బోరు, చెట్టు కింద ఆదివారం ఆరాధన. ఒక్కో ఫొటోకీ చప్పట్లు కొట్టాం. తర్వాత మైకు భార్య చేతికిచ్చాడు.

ఆమె ఎక్కువేమీ చెప్పలేదు. "మా పాపకి మలేరియా మెదడుకెక్కింది. ఆ రాత్రి నుంచి నాకు ప్రార్థన రావటం లేదు. పాప బాగుపడింది, ఆడుకుంటోంది. నేనే ఇంకా బాగుపడలేదు. రోజూ పనికి వెళ్తున్నాను, మోకాళ్లూనితే మాత్రం మాట రాదు. మీరెవరైనా..." అని ఆగింది. ఆమె అనుమతి తీసుకునే ఈ మాటలు రాస్తున్నాను.

ఆ ఆగిన చోట మనం ఓపిక పట్టలేకపోయాం. ఒక బ్రదర్ వచ్చి మైకు తీసుకుని, "దేవుడు సిస్టర్‌కి గొప్ప విజయం ఇవ్వబోతున్నాడు, హల్లెలూయా" అన్నారు. కీబోర్డు మొదలైంది. ఆమె మెట్లు దిగి వెనక వరుసలో కూర్చుంది. భోజనాల లైనులో ఒకరు, "ఇలాంటివి పిల్లల ముందు చెప్పొచ్చా?" అన్నారు. తర్వాత వారం మన ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో, వాళ్లకి నెలనెలా పంపే సపోర్టు కొనసాగించాలా వద్దా అన్న చర్చ లేచింది. విశ్వాసం సన్నగిల్లినవాళ్లని సేవలో ఉంచడం మంచిదేనా అని ప్రశ్న. ఆ ప్రశ్న చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో మిషనరీలు అసలు వెళ్లడమే తప్పనుకునేవాళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. వాళ్లలో నా స్నేహితులున్నారు. ఆ వాదన పెద్దది, ఇంకోసారి కూర్చుని మాట్లాడుకుందాం. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది మన బతుకమ్మ కమిటీలో ఉండే అత్తయ్యగారు. ఆవిడ ఏమీ అడగలేదు, పాప ఫొటో చూపించమందంతే.

నాకు ఇంత బాధ కలగడానికి కారణం మా పిన్ని.

మాది ఒంగోలు. పిన్ని నర్సు, బాబాయి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఎనభైల్లో ఇద్దరూ నేపాల్ కొండల్లో ఒక మిషన్ ఆస్పత్రికి వెళ్లారు. బస్సు ఆగిపోయిన ఊరి నుంచి నడక. సామాను కూలీలు వెదురు బుట్టల్లో మోసుకెళ్లేవారు, బుట్ట బరువు నుదుటికి కట్టిన పట్టీ మీద ఉండేది. పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని కూడా అలాగే బుట్టలో కూర్చోబెట్టుకుని దింపుకొచ్చేవారని పిన్ని చెప్పేది. కొంతమంది దారిలోనే పోయేవారు. చలికాలంలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. బాబాయికి కామెర్లొచ్చి మంచాన పడితే, పగలు వార్డు, రాత్రి ఆయన్ని చూసుకోవడం.

ఆ రోజుల్లో నేపాల్‌లో ఇంకొకరి మతం మార్చడం నేరం, జైలుశిక్ష ఉండేది. 1954 నుంచి అక్కడ పనిచేస్తున్న మిషన్లు కూడా మత ప్రచారం చేయబోమని ప్రభుత్వానికి ఒప్పుకునే ఆస్పత్రులు, బళ్లు నడిపాయి. పిన్ని ఆ మాటకి కట్టుబడింది. కానీ పంపిన సంఘం నుంచి మూణ్ణెల్లకోసారి ఒక ఫారం వచ్చేది. బాప్తిస్మాలు ఎన్ని, గృహ కూటాలు ఎన్ని, కొత్త సభ్యులు ఎందరు. పిన్ని ఆ గడుల్లో గీత గీసి, కింద ఖాళీలో కాన్పులెన్ని చేశామో, క్షయ మందులు పూర్తిగా వాడి ఇంటికెళ్లినవాళ్లు ఎందరో రాసేది. "మీరు సేవకు వెళ్లారా, ఉద్యోగానికి వెళ్లారా?" అని జవాబొచ్చింది. తర్వాత డబ్బు ఆలస్యంగా రావడం మొదలైంది. మా అమ్మ తన చిట్టీ డబ్బుల్లోంచి చెల్లెలికి మనియార్డరు చేసేది, నాన్నకి తెలియకుండా.

సెలవుకి ఒంగోలు వస్తే మాత్రం పండగే. ఒకరు కొరమీను తెచ్చేవారు, ఒకరు చీర పెట్టేవారు. ఆదివారం అయ్యగారు సాక్ష్యానికి లేపితే పిన్ని కొంగు తల మీదికి లాక్కుని, "దేవుని కృప వలన అంతా క్షేమం" అని కూర్చునేది. చప్పట్లు. మా పిన్ని ఎంత ధైర్యవంతురాలో అని నేను మురిసిపోయేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత నా పురుడికని పిన్ని ఇక్కడికొచ్చింది. పాపకి నూనె రాస్తూ ఒక మధ్యాహ్నం చెప్పింది. "అక్కడ ఉన్నన్నాళ్లూ, సగం కాలం దేవుడున్నాడో లేడో నాకు తెలియలేదు. వార్డులో పాట పాడేదాన్ని, పాటలో నేనుండేదాన్ని కాదు." మరెలా ఉండగలిగావని అడిగాను. సుబ్బమ్మవ్వ ఉత్తరం అంది.

ఆ ఉత్తరం రాసింది నేనే. మా వీధి చివర ఉండే అవ్వ, చదువు రాదు. ప్రతి పూటా ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు బియ్యం డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేది. ఆ బియ్యం వేలం వేసిన డబ్బులే ఇలాంటి సేవకి వెళ్లేవి. ఒకరోజు నన్ను పిలిచి పిన్నికి ఉత్తరం రాయమంది. "అమ్మాయ్, తింటున్నావా? చలికి కాళ్లు పగులుతున్నాయా? కొబ్బరినూనె రాసుకో. ప్రార్థన నేను చేస్తున్నాలే, నువ్వు నీ పని చూసుకో." అంతే చెప్పింది. ఇంకేమైనా రాయనా అంటే, చాల్లే అంది. పిన్ని ఆ కాగితాన్ని బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకుంది. తనకి ప్రార్థన రాని రాత్రుళ్లు అవ్వ చేస్తోందని అనుకుని పడుకునేదట. ఫారంలో గడి ఖాళీగా ఉందని అవ్వ ఎప్పుడూ అడగలేదు. అసలు ఫారం ఉంటుందని ఆవిడకి తెలియదు.

మన ఊరి సంఘాల గురించి ఇక్కడ మనం చాలా మాటలంటాం. అరుపులనీ, మూఢత్వమనీ. నేనూ కొన్ని విషయాల్లో అంటాను. కానీ గుప్పెడు బియ్యం వేసిన ఆ ఆడవాళ్లు ఇచ్చినట్టు ఇక్కడ మనం ఇవ్వటం లేదు. మనం ఇచ్చేది ఎక్కువ, అడిగేది ఇంకా ఎక్కువ.

ఒంగోలు వాళ్లం కాబట్టి 2,222 అంకె మాకు సండే స్కూల్లోనే నోటికొచ్చేది. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున బాప్తిస్మం పొందినవాళ్లు అంతమంది. ఆ రోజుల్లో ఒంగోల్లో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి పేరు చెప్పకుండా మా ఊళ్లో క్రిస్మస్ గడవదు. కానీ ఆ అంకెకి ముందేముందో మాకెవరూ నేర్పలేదు. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ల కోసమని వచ్చి, ముందు విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా సంఘంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంతమందే. ఆరోగ్యం చెడి ఆయన వెళ్లిపోయారు. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చుని ఈ మిషన్ మూసేద్దామా అని చర్చించారు. ఫలం లేదు, ఖర్చు దండగ అన్నది వాదన. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న వాదన దీనికి దూరమైనదేమీ కాదు.

1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషన్‌కి చెందిన లైమన్ జూవెట్, ఆయన భార్య, జూలియా అనే తెలుగు విశ్వాసురాలు, ఇంకో ఇద్దరు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ కొత్త సంవత్సరం రోజు మావాళ్లు ఆ కొండెక్కుతారు. క్లౌ వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. డే వచ్చిన ముప్ఫై ఏళ్లకి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించినప్పుడు కూడా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. ఆ నెలల్లో ఎవరైనా ఫారం పంపి ఉంటే ఆ గడిలో కూడా గీతే ఉండేది.

అదే అమెరికన్ బాప్టిస్టుల తొలి మిషనరీ ఆదోనిరామ్ జడ్సన్ గురించి చెప్తే కొందరికి కోపం రావచ్చు. 1813లో బర్మా చేరితే మొదటి విశ్వాసి దొరికింది 1819లో. యుద్ధ కాలంలో జైల్లో సంకెళ్లతో ఉన్నాడు. విడుదలయ్యాక 1826లో భార్య ఆన్ పోయింది, కొద్ది నెలలకే పసిపాప పోయింది. ఆ తర్వాత ఆయన అడవిలో గుడిసె వేసుకుని ఒంటరిగా ఉన్నాడు, తన గొయ్యి తానే తవ్వుకుని దాని పక్కన కూర్చునేవాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన నాకు కనబడటం లేదని రాసుకున్నాడు. ఆ మనిషే 1834కి బర్మీస్ బైబిల్ అనువాదం పూర్తి చేశాడు. ఆ గొయ్యి సంగతి తెలిసిన రోజున ఆయనకి సపోర్టు ఆపేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

మన తెలుగువాళ్లే దేశం దాటి సేవకి వెళ్లిన కథ కూడా ఉంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో చెరకు, తేయాకు తోటలకి ఒప్పంద కూలీలుగా వెళ్లిన మనవాళ్ల కోసం, నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ డబ్బులతో 1903లో జాన్ రంగయ్యగారిని పంపారు. ఆ ఏడు చివరికే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం మొదలైంది. ఒప్పందం ముగిసినా తిరిగి రాని కూలీల మీద ప్రభుత్వం ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసిన రోజులవి. జనం దగ్గర తినడానికే లేదు. రంగయ్యగారు తిరిగి నెల్లూరు వచ్చి స్థిరపడలేదు, 1915లో అక్కడే కన్నుమూశారు. మన కన్వెన్షన్ సావనీర్లలో ఆయన ఫొటో నేనెప్పుడూ చూడలేదు.

మైకు తీసుకున్న బ్రదర్ చెడ్డవాడు కాదు. నిశ్శబ్దం చూసి ఆయనకి టెన్షన్ వచ్చింది, ఆమెని కాపాడాలనే అనుకున్నారు. కమిటీ పెద్దల భయమూ అర్థమవుతుంది. ఇచ్చేవాళ్లలో కొందరు గ్యాస్ స్టేషన్‌లో రెండు షిఫ్టులు చేసి ఇస్తున్నారు, ఆ డబ్బు ఎటు పోతోందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. లెక్కలు అడగండి, బోరు పనిచేస్తోందా అని అడగండి, బడికి పిల్లలొస్తున్నారా అని అడగండి. ఒక తల్లి మనసు ఎప్పటికి కుదుటపడుతుందో మాత్రం తేదీ అడక్కండి. పిల్లల ముందు ఇలాంటివి వద్దన్నవాళ్లకి ఒక్క మాట. ఇక్కడ పుట్టిన మన పిల్లలు డిప్రెషన్ గురించి బడిలో నేర్చుకుంటున్నారు. గుడిలో మాత్రం ఆ మాట వినపడకపోతే, తమకి ఆ స్థితి వచ్చినరోజు వాళ్లు గుడికి రారు. 88వ కీర్తన మొత్తం చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని కూడా మన పెద్దలు బైబిల్లోంచి తీసేయలేదు కదా.

జనవరి మీటింగులో ఈ జంట సపోర్టు విషయం అజెండాలో ఉంది. ఫెలోషిప్ సభ్యులందరూ దయచేసి రండి. సపోర్టు ఆపొద్దని చెప్పండి. ఆమెకి కౌన్సెలింగ్ ఖర్చు విడిగా పెట్టమని అడగండి, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దొరికితే ఇంకా మంచిది. ఏడాదికి ఒక నెల ఏ రిపోర్టూ అడగని సెలవు ఇద్దాం. వారానికోసారి ఆమెకి ఫోన్ చేసే మనిషిని ఒకరిని పెట్టుకుందాం, ఆ మనిషి డబ్బు పంపే కమిటీలో ఉండకూడదు. నేను నా పేరు ఇచ్చాను, ఇంకో ఇద్దరు కావాలి. వాళ్ల తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో, ఆలోపు ఇది తేలాలి.