గుర్తింపు రాని విశ్వవిద్యాలయం బాధ ఎవరికి తెలుసు?

పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అని పెద్దలు ఎవరిని చూసి అన్నారో గానీ, అమెరికాలో లాభాల కోసం కొత్తగా ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం పెట్టే పెద్దమనిషికి అది అచ్చంగా సరిపోతుంది. చదువు నాణ్యత చూసి ముద్ర (అక్రెడిటేషన్) వేసే గుర్తింపు సంస్థ దగ్గరికి వెళితే, ముందు విద్యార్థుల్ని చేర్చుకుని చదువు చెప్పి చూపించమంటుంది. విద్యార్థి దగ్గరికి వెళితే, ముందు గుర్తింపు ఉందో లేదో చెప్పమంటాడు. గుర్తింపు లేని చోట కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ గ్రాంట్లు, విద్యారుణాలు రావు మరి. అవి రాకపోతే ఫీజు జేబులోంచి కట్టాలి. జేబులోంచి కట్టేవాడు పాఠం ఎవరు చెబుతారు, ఉద్యోగం ఎక్కడ వస్తుంది అని అక్కర్లేని ప్రశ్నలన్నీ వేస్తాడు. ఇంత నరకంలో ఉన్న వ్యవస్థాపకుల కోసం ఒక్కరూ కన్నీటి చుక్క రాల్చరు. అందుకే ఈ నాలుగు మాటలు.

గుర్తింపు కావాలంటే ముందు విశ్వవిద్యాలయం తన గురించి తానే ఒక నివేదిక రాసుకోవాలి. దాన్ని స్వీయ అధ్యయనం అంటారు. కొన్ని చోట్ల అసలు అధ్యయనం జరిగేది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఇతర కాలేజీల నుంచి ఒక బృందం స్వయంగా వచ్చి చూస్తుంది. ఆన్‌లైన్ విశ్వవిద్యాలయంలో వాళ్ళకు చూపించడానికి ఏముంటుంది? ఒక అద్దె ఆఫీసు, ఫోన్లు చెవికి అంటించుకున్న కొందరు ఉద్యోగులు, ఒక సర్వర్ గది. సర్వర్ గదిలో చలి ఎక్కువ కాబట్టి ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.

ఈ గుర్తింపు సంస్థలు ప్రభుత్వ కార్యాలయాలు కావు. ప్రభుత్వం ఆమోదించిన ప్రైవేటు సంస్థలు. గుర్తింపు పొందిన కాలేజీలు కట్టే చందాలు, రుసుములతోనే నడుస్తాయి. అంటే పరీక్ష రాసేవాడే పేపర్లు దిద్దేవాడికి జీతం ఇస్తాడన్నమాట. ఇంత సామరస్యపూర్వకమైన ఏర్పాటును ఇంటర్ విద్యార్థులకు ఇంకా ఎందుకు వర్తింపజేయలేదో నాకు అర్థం కాదు.

ఓపిక లేనివాళ్ళకు దగ్గరి దారి ఉంది. పెళ్ళి ఎలాగూ కుదరడం లేదు కాబట్టి, ఇప్పటికే కాపురం చేస్తున్న ఇంటిని కొనేసుకోవడం. అయోవా రాష్ట్రంలోని క్లింటన్ అనే ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ సన్యాసినులు 1918లో స్థాపించిన చిన్న కాలేజీ ఉండేది. 2005 నాటికి అందులో మిగిలింది 300 పైచిలుకు విద్యార్థులు, బోలెడు ఆర్థిక ఇబ్బందులు, ఒక గుర్తింపు. బ్రిడ్జ్‌పాయింట్ ఎడ్యుకేషన్ అనే కంపెనీ దాన్ని కొని, ఆష్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అని పేరు మార్చింది. భవనాలతో పాటు గుర్తింపు కూడా, ఇంటితో పాటు పెరట్లోని బావిలాగా, కొన్నవాళ్ళకే చెందింది. 2010 నాటికి విద్యార్థుల సంఖ్య 77 వేలు దాటింది. వాళ్ళలో దాదాపు అందరూ ఆన్‌లైనే, కాబట్టి క్లింటన్‌లో బెంచీలు చాలని సమస్య రాలేదు. సన్యాసినులు దశాబ్దాల పాటు ప్రార్థించినా జరగని అద్భుతం అయిదేళ్ళలో జరిగింది. 2020లో ఈ విశ్వవిద్యాలయాన్ని అరిజోనా విశ్వవిద్యాలయం తీసుకుంది. ధర ఒక్క డాలరు. విద్యార్థుల్ని తప్పుదోవ పట్టించినందుకు 2022లో కాలిఫోర్నియా కోర్టు ఆష్‌ఫర్డ్‌కూ దాన్ని నడిపిన ఆ కంపెనీకీ 2.2 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది గానీ, అద్భుతాలంటే గిట్టనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

లాభాపేక్ష ఉంటే చదువు మీద శ్రద్ధ ఉండదనేది పాత ఆరోపణ. అమెరికా సెనేట్ కమిటీ 2012లో ఇలాంటి 30 కంపెనీల లెక్కలు తీసింది. విద్యార్థుల్ని చేర్పించే సిబ్బంది 35,202 మంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడంలో సాయపడేవాళ్ళు 3,512 మంది. దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారని చెబుతున్నాను. ఇది ఉద్యోగాల మీద అశ్రద్ధ కాదు. ఉద్యోగాలు లేవని ఎవరన్నారు, 35,202 ఉద్యోగాలు కళ్ళ ముందే కనిపిస్తుంటే?

అన్నిటికంటే ఆదర్శం సౌత్ డకోటాలోని రీగన్ నేషనల్ యూనివర్సిటీ. 2020లో ఒక పత్రిక విలేకరులు వెళ్ళి వెతికితే అక్కడ విద్యార్థులు గానీ బోధకులు గానీ ఉన్న ఆనవాళ్ళు దొరకలేదు. గుర్తింపు మాత్రం దానికి దొరికింది. ఆలోచిస్తే ఇంతకంటే నాణ్యమైన సంస్థ ఏది? అక్కడ ఎవరూ ఫెయిల్ కారు, మధ్యలో మానేయరు, అప్పు ఎగ్గొట్టరు. ఆ గుర్తింపునిచ్చిన ఏసీఐసీఎస్ అనే సంస్థకు ప్రభుత్వం 2016లో ఆమోదం తీసేసింది, 2018లో తిరిగి ఇచ్చింది, 2022లో మళ్ళీ తీసేసింది. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థే తన గుర్తింపు కోసం గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చిందంటే, కొత్తగా వచ్చినవాడి టెన్షన్ ఎంతుంటుందో ఊహించుకోండి.

కాబట్టి నా సలహా, విశ్వవిద్యాలయంతో పాటు గుర్తింపు సంస్థను కూడా మీరే పెట్టుకోండి. ఇది కొత్త ఆలోచనేం కాదు. కరాచీలోని యాక్సాక్ట్ అనే కంపెనీ వందల కొద్దీ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లతో పాటు, వాటిని మెచ్చుకునే గుర్తింపు సంస్థల వెబ్‌సైట్లు కూడా తానే తయారుచేసుకుందని 2015లో బయటపడింది. బయటపడటం ఒక్కటే అందులో లోపం.

అలాంటి సంస్థ ఎవరైనా పెడితే తనిఖీ బృందంలో చేరడానికి నేను సిద్ధం. రెండో సభ్యత్వానికి పిల్లిని సిఫార్సు చేస్తాను. నవ్వకండి. 2004లో ట్రినిటీ సదరన్ యూనివర్సిటీ కోల్బీ నోలన్ అనే పిల్లికి 3.5 జీపీఏతో ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ ఇచ్చింది. అది నిఘా కోసం పెన్సిల్వేనియా అధికారులు పంపిన దరఖాస్తు అన్నది వేరే సంగతి, అర్హత అర్హతే. పైగా బృందంలో సర్వర్ గదిని మూలమూలా తిరిగి చూసేది అదొక్కటే అవుతుంది.