బిడ్డ టీకా రోజునే తల్లికి షుగర్ పరీక్ష

గర్భిణికి షుగర్ ఉందో లేదో తేల్చడానికి మన దేశం సులువైన పద్ధతినే ఎంచుకుంది. పరగడుపున రానక్కర్లేదు; 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భధారణ మధుమేహంగా పరిగణిస్తారు. ఆసుపత్రికి తొలిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చే గర్భిణిని పస్తుండమనడం ఎంత కష్టమో ఎరిగిన చెన్నై వైద్యుడు డాక్టర్ వి. శేషయ్య వంటివారి కృషి దీని వెనుక ఉంది.

మాయ నుంచి వెలువడే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అలా పెరిగిన చక్కెర మాయను దాటి బిడ్డను చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. (ఇన్సులిన్ వేస్తే కడుపులో బిడ్డకు హాని అని భయపడే కుటుంబాలకు ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు.) చక్కెర ఎక్కువైన కొద్దీ బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది, బిడ్డ కొవ్వు పట్టి బరువెక్కుతుంది, కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోయినా బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ జోరు వెంటనే తగ్గదు. బొద్దుగా పుట్టాడని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్న వేళ నర్సు పసివాడి మడమ గుచ్చి రక్తపు చుక్క తీసేది, చక్కెర ప్రమాదకరంగా పడిపోతోందేమో చూడటానికే.

మన వ్యవస్థ శ్రద్ధ అక్కడితో ఆగిపోతోంది. కాన్పయ్యాక చాలామంది తల్లులకు షుగర్ మామూలు స్థాయికి రావడంతో జబ్బు పోయిందనుకుంటారు. గర్భధారణ మధుమేహం వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో టైప్-2 మధుమేహం ముప్పు ఇతర తల్లులకంటే కనీసం ఏడు రెట్లని 2009లో ల్యాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. అందుకే కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయాలని మార్గదర్శకాల్లోనే ఉంది. కానీ మెట్టినింట ఉండగా ఒక ఆసుపత్రిలో చూపించుకుని, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లి మరోచోట ప్రసవించిన బాలింతకు ఆ సంగతి ఎవరు గుర్తుచేయాలి? పాత ఊరి ఆశా కార్యకర్తకు ఆమె కనబడదు, కొత్త ఊరి కార్యకర్తకు ఆమె షుగర్ సంగతి తెలియదు.

సరిగ్గా ఆ ఆరో వారంలోనే బిడ్డకు ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా తొలి డోసు వేయాలి. ఆ టీకాకు తల్లి ఎలాగూ ఎత్తుకొస్తుంది. తల్లికి షుగర్ వచ్చిందన్న మాటను తల్లీబిడ్డల కార్డు పై పేజీలోనే ఎర్ర సిరాతో రాస్తే, అదే పూట అక్కడే పరీక్ష చేయవచ్చని నా అభిప్రాయం. రెండు గంటలు కూర్చోబెట్టడం ఇబ్బందేనన్న అభ్యంతరం న్యాయమైనదే. టీకా వేశాక బిడ్డను అరగంట ఎలాగూ అక్కడే ఉంచుతారు. మిగిలిన సమయానికి ఆ తల్లికి కావలసింది నడుం ఆనించుకోవడానికి ఒక కుర్చీ, బిడ్డకు పాలివ్వడానికి కాస్త మరుగు.