వేడంతా గోడకే పోతోంది

పొద్దున డాబా మీద సోలార్ హీటర్ వేడినీళ్ల పైపు పట్టుకున్నానో లేదో, వేడి పోకుండా దాని మీద చుట్టిన నల్ల ఫోమ్ పొడిపొడిగా నా చేతిలోకి రాలింది. వేసి ఏడాది కూడా కాలేదు! ప్లంబర్‌కి ఫోన్ చేస్తే "ఎండకి అంతే మేడమ్, మళ్లీ వేసేద్దాం" అన్నాడు. ఎండకి అంతే అని తెలిసినవాడివి ఎండలో ఉండే పైపుకి దాన్ని ఉత్తగా ఎలా చుట్టావు?

పాలిథిన్ ఫోమ్ అయినా, నైట్రైల్ రబ్బరు అయినా నేరుగా ఎండ పడితే పెళుసుబారిపోతాయి. పైన అల్యూమినియం రేకో, ఎండని ఆపే పూతో ఉండాల్సిందే. పైగా వాడకుండా వదిలేస్తే సోలార్ నీళ్లు 80 డిగ్రీలు దాటగలవు, మామూలు పాలిథిన్ ఫోమ్ అక్కడికి దగ్గర్లోనే చేతులెత్తేస్తుంది. నైట్రైల్ 105 దాకా తట్టుకుంటుంది, ఈపీడీఎం అనే ఇంకో రకం రబ్బరు అయితే ఇంకా నయం. ఇవన్నీ కొనేవాళ్లే తెలుసుకోవాలా?

సైజు సంగతి మరీ ఘోరం. ముప్పావు అంగుళం పైపు కదా అని జీఐ పైపుకి, అంటే జింకు పూసిన ఇనుప పైపుకి, వేసే స్లీవ్ (ఫోమ్ తొడుగు) తెచ్చి నా సీపీవీసీకి, అంటే వేడినీళ్ల ప్లాస్టిక్ పైపుకి, తొడిగాడు. రెండూ పేరుకి ముప్పావే, కానీ బయటి కొలత సీపీవీసీది 22 మిల్లీమీటర్లు, జీఐది దాదాపు 27. అగ్గిపుల్ల దూరేంత సందు, అందులోంచి గాలి ఆడుతుంటే ఇక వేడి ఎక్కడ నిలుస్తుంది? పైపు వంపుల దగ్గరుండే ఎల్బోలూ, వాల్వూ అయితే అసలు ముట్టుకోనేలేదు.

అసలు నా కడుపుమంట ఇది కాదు. ఇల్లు కట్టేటప్పుడు, ప్లాస్టరింగ్‌కి ముందు, గోడలో పోయే వేడినీళ్ల పైపుకి సన్నటి స్లీవ్ అయినా వేయమని మేస్త్రీని ఎంత బతిమాలానో నాకే తెలుసు. "గోడలో ఉండే పైపుకి చలేంటమ్మా" అన్నాడు. గాడి ఇంకాస్త లోతుగా కొట్టాల్సి వస్తుందని, అంతే! సిమెంటు వేడిని లాగేసుకుంటుందని అతనికి తెలియదా? చలికాలం పొద్దున్నే బాత్రూమ్ గోడ మీద అరచెయ్యి ఆనిస్తే పైపు పోయిన దారంతా ఒక చారలా వెచ్చగా తగులుతుంది, కుళాయిలో మాత్రం ఇంకా చల్లనీళ్లే. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు ఎలాగూ చల్లబడతాయి, ఒప్పుకుంటాను. కానీ నా తర్వాత పావుగంటకి స్నానానికి వెళ్లే అత్తయ్య కూడా మళ్లీ అర బకెట్ పారబోయాలా? ఇప్పుడు సరిచేయాలంటే టైల్స్ పగలగొట్టాలి.

ప్లంబర్ రేపు వస్తానన్నాడు. రేకు లేకుండా డాబా మెట్లెక్కొద్దని చెప్పాను.